తోముకోని నోటి సన్నాయి

జిలానీ సాహెబ్ గారిని ప్రశ్న అడిగినవాళ్ళు జవాబు కోసం తొందరపడకూడదు. ఆయన వినలేదేమో అనుకుని మళ్ళీ అడిగితే ఇంకా ఆలస్యమవుతుంది. ఆయన దగ్గర సన్నాయి నేర్చుకునే మా అందరికీ ఈ సంగతి తెలుసు. మాలో అందరికంటే పాత శిష్యుడు, గురువుగారి పక్కన కూర్చుని ఎన్నో కల్యాణాలు వాయించినవాడు ఏడుకొండలు. అతనికి మాకంటే బాగా తెలుసు. అయినా ఆ రోజు ఒంగోలు నుంచి వస్తూనే, చెప్పులైనా విడవకుండా అడిగేశాడు.

"గురువుగారూ, మీ మాట వింటే నా పళ్ళు పోతాయంట. డాక్టరమ్మ మాట వింటే మీ మాట పోద్ది. నన్నేం చేయమంటారు?"

ఏడుకొండలు ఒకప్పుడు చాలా భారీ మనిషి. కూర్చుంటే లేవలేక, పల్లవి మధ్యలోనే ఊపిరి తెగిపోతుంటే, చివరికి కడుపు చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకున్నాడు. బరువు దిగిపోయింది, ఊపిరి తిరిగొచ్చింది. "ఏడుకొండల్లో నాలుగు ఆసుపత్రిలోనే వదిలేసి వచ్చావంటగా బావా" అని డోలు వాయించే పిచ్చయ్య ఎగతాళి చేస్తే, అందరికంటే ముందు అతనే నవ్వాడు. కానీ చిన్నదైపోయిన కడుపు తొందరను ఒప్పుకోదు. సరిగా నమలకుండా రెండు ముద్దలు మింగినా తిరిగి పైకి తోసేస్తుంది. పెళ్ళిళ్ళలో మేళగాళ్ళకి నిదానంగా తినే తీరిక ఎక్కడిది? అలా వాంతి అయినప్పుడల్లా అతను సంచిలోంచి బ్రష్షు తీసి, చిగుళ్ళు ఎర్రబడేదాకా తోముకుని, ఆ తర్వాతే సన్నాయి ముట్టుకునేవాడు.

అది గురువుగారు పెట్టిన నియమం. సన్నాయి కొసన పెదవుల మధ్య పట్టుకునే చిన్న రెల్లుముక్కని మేం పీక అంటాం. నోట్లోకి ఏది వెళ్ళినా, నోట్లోంచి ఏది బయటికొచ్చినా, తోముకోకుండా ఆ పీకను నోట పెట్టకూడదు. మాలో ఈ నియమాన్ని అందరికంటే నిష్ఠగా పాటించింది ఏడుకొండలే. అందరికంటే ముందు పళ్ళు పాడైందీ అతనికే.

ఒంగోల్లో పళ్ళ డాక్టరమ్మ అన్నీ అడిగి తెలుసుకుని, విషయం విడమరిచి చెప్పిందట. "కడుపులోంచి వచ్చేది పుల్లటి రసం. అది తగిలాక పంటి పైపొర కాసేపు మెత్తబడి ఉంటుంది. సరిగ్గా ఆ కాసేపట్లోనే మీరు బ్రష్షు పెట్టి రుద్దుతున్నారు. మీ పళ్ళు మీరే అరగదీసుకుంటున్నారు." నీళ్ళలో చిటికెడు వంటసోడా వేసి పుక్కిలించమంది. తోమడం అరగంట తర్వాత, అదీ మెత్తగా. నోరెండిపోతోందని రోజంతా గుటకలేసే నిమ్మ షర్బత్ మానేసి మామూలు నీళ్ళు తాగమంది. ఇన్నిసార్లు వాంతులవుతున్నాయని ఆపరేషన్ చేసిన డాక్టరుకి ఎందుకు చెప్పలేదని కేకలేసింది. పై పళ్ళ అంచులు అప్పటికే గాజుముక్కల్లా పల్చబడ్డాయి. ఇంకా అరిగితే తీసేయాల్సిందే. పై పళ్ళు పోతే పై పెదవికి ఆసరా పోతుంది. ఆసరా లేని పెదవి కింద పీక నిలవదు. ఏడుకొండలుకి సన్నాయి తప్ప మరో పని రాదు.

గురువుగారు అంతా విన్నారు.

"చెన్నకేశవస్వామి కల్యాణానికి వస్తున్నావుగా?"

"వస్తానండీ."

"రా మరి."

అంతే. ఏడుకొండలు మొహం వేలాడేసుకుని వెళ్ళిపోయాడు.

కల్యాణం రోజున కమిటీవాళ్ళు మర్యాద చేశారు. మర్యాదే కొంప ముంచింది. "రెండిడ్లీ అన్నా తినకుండా ఏం ఊదుతావయ్యా, తిను తిను" అని నెత్తిన కూర్చున్నారు. తంతు మొదలవుతోందని కేక వినబడేసరికి అతను గబగబా మింగాడు. అటు పంతులుగారు మాంగల్యపూజ చేస్తుండగా, ఇటు మా మేళంలోంచి ఏడుకొండలు లేచి, సన్నాయి చంకన పెట్టుకుని మండపం వెనక్కి పరుగెత్తాడు. నేను నీళ్ళ చెంబు పట్టుకుని వెంట వెళ్ళాను. వాంతి చేసుకున్నాడు. వెంట తెచ్చుకున్న సోడా నీళ్ళతో పుక్కిలించాడు. ఆ తర్వాత చెయ్యి అలవాటుగా సంచిలోకి వెళ్ళి బ్రష్షు తీసింది. తీసి, నోటి దాకా తెచ్చి, అక్కడే ఆగిపోయాడు.

పిచ్చయ్య పరుగెత్తుకొచ్చాడు. "పళ్ళు లెక్కపెట్టుకుంటున్నావా బావా? పంతులుగారు తాళి చేతికి తీసుకోబోతున్నాడు. గట్టిమేళం ఎవరు వాయిస్తారు, మీ తాతా?"

"తోమితే పళ్ళు పోతాయి. తోమకపోతే పీక మైలపడుద్ది."

"అయితే అరగంట ఆగమని స్వామికి చెప్పి రానా?"

ఏడుకొండలు బ్రష్షు దించి, మళ్ళీ నోటి దాకా ఎత్తాడు.

అప్పుడు వచ్చారు సాహెబ్ గారు. ఊపిరి చాలక ఆయన వాయించడం ఎప్పుడో తగ్గించేశారు. ఆ రోజు తాళం వేయడానికే కూర్చున్నారు కాబట్టి నోట్లో కిళ్ళీ ఉంది. బ్రష్షు వంక చూడలేదు, ఏమీ అడగలేదు. ఏడుకొండలు చంకలో ఉన్న సన్నాయి లాక్కుని, ఆ పీకను తన నోట్లో పెట్టుకుని, మా పీకల్ని మేం తడుపుకున్నట్టే నింపాదిగా తడిపారు. ఒకరి పీక ఇంకొకరు నోట పెట్టుకోవడం మా మేళాల్లో ఎక్కడా లేదు. ఒకే కంచంలో తినే అన్నదమ్ములు కూడా పీక దగ్గర వేరే. పిచ్చయ్య నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. బయటికొచ్చిన పీక తమలపాకు రసంతో ఎర్రగా ఉంది.

"ఇప్పుడిది నా ఎంగిలి. నీ నోరు దీన్నింకేం చేస్తుంది? పద" అన్నారు గురువుగారు.

ఏడుకొండలు ఆ ఎర్రటి పీక వంక ఒక్క క్షణం చూశాడు. బ్రష్షు సంచిలో పడేసి, నడుస్తూనే పీకను పెదవుల మధ్యకి తీసుకున్నాడు. పంతులుగారు "గట్టిమేళం! గట్టిమేళం!" అని అరిచేసరికి మండపం మెట్ల మీద ఉన్నాడు. అక్కడే నిలబడి అందుకున్నాడు. అంత బలంగా అతను వాయించడం నేను అంతకుముందు వినలేదు. తలంబ్రాలు, తీర్థం అన్నీ అయ్యాక ఒక్కడే వెనక్కి వెళ్ళి, పసిపిల్లకి తోమినట్టు మెత్తగా తోముకున్నాడు.

తర్వాత రెండు ఆసుపత్రులకీ వెళ్ళొచ్చాడు. ఆపరేషన్ చేసిన డాక్టరు తిండి తినే తీరు మళ్ళీ మొదటి నుంచి నేర్పించాడట. పళ్ళ డాక్టరమ్మ ముందు పళ్ళకి పూతేదో వేసి, ఇలాగే ఉంటే తీయక్కర్లేదంది. అయితే ఆ కల్యాణం రాత్రే, ఇక మా మేళంలో ఆ పాత నియమం పోయినట్టేనని అందరం అనుకున్నాం. నాకు మరీ హాయిగా అనిపించింది. మర్నాటి పాఠానికి ప్రసాదం పొంగలి తిని, నోరు పుక్కిలించి, దర్జాగా సన్నాయి ఎత్తాను.

"తోముకున్నావా?" అన్నారు గురువుగారు.

"పుక్కిలించానండీ. నిన్న ఏడుకొండలన్న కూడా..."

"నీకు వాంతయిందా అమ్మాయ్?"

"లేదండీ."

"మరి లేచి తోముకురా."