కాకర ఒంటి మీద బొబ్బలు

ఒకప్పుడు కాకరకాయ నున్నగా ఉండేది, తియ్యగానూ ఉండేది. నవ్వకండి, నిజమే చెబుతున్నాను.

కాకరా గుమ్మడీ ఒకే పందిరి ఎక్కిన ఇరుగుపొరుగులు. ఏటా తొలకరి పండక్కి మబ్బుతాత కిందికి దిగేవాడు. ఎవరి తీపి నచ్చితే వాళ్ళ పాదులోనే మొదటి వాన పోసేవాడు. రెండోవాళ్ళు మరో పది రోజులు ఎండాల్సిందే. కాకర పరమాన్నం వండేది, గుమ్మడి బూరెలు వేసేది.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. కాకర పిందెలు ఒక్కొక్కటే వాడి రాలిపోతున్నాయి. తల్లి ప్రాణం కదా, ఊరుకుంటుందా! గుమ్మడి దగ్గరికి వెళ్ళింది. నా పరమాన్నాన్ని నీ బూరెలో పూర్ణంగా పెడదాం, ఇద్దరిదీ ఒకటే తీపి అయితే ఇద్దరి పాదుల్లోనూ వాన పడాలి కదా అంది. గుమ్మడి సరేనంది.

పరమాన్నం ఎంత దగ్గరికి ఉడికించినా తడి వదల్లేదు. మూకుట్లో వేసిన మొదటి వాయి టపటపా పేలింది. మరిగే నూనె కాకర ఒళ్ళంతా చిందింది. దూరంగా కూర్చుని బూరెల పైపూతకు తోపు పిండి కలుపుతున్న గుమ్మడి మీద చుక్క పడలేదు. కాకర పళ్ళు బిగబట్టి చివరి వాయి దాకా వేయించింది. నైవేద్యానికి ముందు రుచి చూడకూడదు కాబట్టి ఎవరూ నోట్లో వేసుకోలేదు.

"బొబ్బలు చితికిన చేత్తో నైవేద్యం ముట్టుకోకూడదు చెల్లీ, నేను పట్టుకెళ్తాలే" అంది గుమ్మడి. పాపం, పిచ్చిది నమ్మింది.

మబ్బుతాత బూరె కొరికి కళ్ళు మూసుకున్నాడు. లోపల ఇంత మెత్తని తీపి ఎవరు పెట్టారని అడిగాడు.

"నేనే తాతా. ఇదంతా నా చేతి వంటే."

గుమ్మడి పాదులో కుండపోతగా కురిసింది. పందిరికి ఇవతల కాకర ఆ తీపి నాదేనని గొంతు చించుకుంది. ఉరుముల్లో ఎవరికి వినబడుతుంది? వాన వెలిసేసరికి ఆఖరి పిందె కూడా రాలిపోయింది. కాకర ఏడుపంతా లోపలికే మింగింది. పదో రోజు తన వంతు చినుకులు పడ్డాక మళ్ళీ కాసింది గానీ, ఆ కాయలు వేరు.

అప్పటినుంచే కాకరకాయ ఒళ్ళంతా బొబ్బలు, కొరికితే చేదు. మీ అమ్మ ఎంత బెల్లం వేసి వండినా ఆ చేదు పూర్తిగా పోదు. పండిన కాకరను ఎప్పుడైనా చూశారా? ఆనాటి బూరెలాగే తనంతట తనే పగిలి, గింజల చుట్టూ ఉన్న ఎర్రటి తియ్యని గుజ్జు చూపిస్తుంది. ఆ తీపి పెట్టింది నేనేనని ఇప్పటికీ చెబుతూనే ఉంది. వినేదెవరు? మనం పచ్చిగా ఉండగానే కోసుకుపోతాం.