సార్ వదిలే జాగా

"'నరహరి ఏడుపు సినిమా తీస్తున్నాడంటే, వాడు ఇప్పటిదాకా వేసిన జోకుల్లో అదే పెద్దది' అని ప్రొడ్యూసర్ గారు అన్నారు సార్. నేనన్లేదు."

నరహరి సార్ కాసేపు ఆలోచించారు.

"బాగుంది. రాసుకున్నావా?" అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. నేను రాసిన సీను ఆయన ఒళ్లోనే ఉంది. రెండున్నర పేజీలు. మొదటి పేజీ మీద ఈ మూల నుంచి ఆ మూలకి ఎర్ర గీత.

సార్ పదకొండు సినిమాలు తీశారు. అన్నీ కామెడీలే. ఇది పన్నెండోది, ఇందులో నవ్వు లేదు. భార్య పోయిన మనిషి ఏడేళ్ల కూతుర్ని ఒక్కడే పెంచుకునే కథ. నేను ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో వదిలేసి కృష్ణానగర్ వచ్చి, ఆయన దగ్గర అసిస్టెంటుగా చేరి మూడేళ్లయింది. క్లాప్ కొట్టాను. కెమెరాకి కనపడకుండా నక్కి కూర్చుని, ఆర్టిస్టులకి డైలాగులు అందించాను. వాళ్లెక్కడ మర్చిపోతారో వాళ్లకంటే ముందు నాకే తెలిసిపోతుంది. నా చేత్తో రాసిన మొదటి సీను మాత్రం ఇదే. నాన్న కూతురితో మనసు విప్పి మాట్లాడే సీను. కో-డైరెక్టర్‌కి చదివి వినిపిస్తే కళ్లు తుడుచుకున్నాడు. మేకప్ మాన్ ఇంకోసారి చదవమన్నాడు. సార్ ఏమో గీత గీశారు.

"ఈ సీను పోతే నేనూ పోతాను సార్," అన్నాను.

"ఎక్కడికి?"

"నరసరావుపేట. మా ఇంటికి."

"సరే మోజెస్. వెళ్లే ముందు రేపు పొద్దున ఏడింటికి మా ఇంటికి రా. ఈ కాయితాలు తెచ్చుకో. రిహార్సల్ చేద్దాం. నాన్న వేషం నేనేస్తా, నువ్వు డైలాగు అందించు."

ఇక్కడ సార్ గురించి ఒక సంగతి చెప్పాలి. జోకు పడగానే ఆయన కుడి చెయ్యి తొడ మీదికి వెళ్తుంది. వేళ్లతో మెల్లగా కొడతారు. ఒకటి, రెండు, మూడు. ఆ మూడు దెబ్బలూ అయ్యాకే తర్వాతి మాట రావాలి. హాల్లో జనం నవ్వుతారు కదా, ఆ నవ్వులో తర్వాతి మాట మునిగిపోకూడదు. అందుకని ఎవరూ ఏమీ మాట్లాడని ఖాళీ ఒకటి వదుల్తారు. యూనిట్ అంతా దాన్ని 'సార్ జాగా' అంటాం. ఎడిటింగ్ రూములో చూస్తే ఆ జాగా వెర్రిగా ఉంటుంది. హాల్లో చూస్తే కొలిచినట్టు ఉంటుంది.

కొత్తల్లో నేను ఒక జాగాని పొరపాటనుకుని ఎడిటర్ చేత కోయించేశాను. రిలీజు రోజు హాలంతా నవ్వింది, ఆ తర్వాతి మాట ఒక్కడికీ వినపడలేదు. సార్ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, అదే సినిమా రెండో ఆట కూడా చూపించారు.

సార్ భార్య శ్యామల గారు పోయి ఏడాదిన్నర. ఆవిడ పోయిన పదిహేనో రోజున ఆయన సెట్‌కి వచ్చి పెళ్లి భోజనాల్లో గొడవ సీను తీశారు. ఆ సీనుకి జనం ఇప్పటికీ పడీపడీ నవ్వుతారు. ఆ రోజు మూడు దెబ్బలూ ఎక్కడా తప్పలేదు. ఆ మాట మాలో ఎవరం ఎత్తం.

పొద్దున ఏడింటికి యూసఫ్‌గూడలో వాళ్లింటి బెల్లు కొట్టాను. సార్ కూతురు ఆద్య తలుపు తీసింది. ఒక కాలికి సాక్సు ఉంది, ఒక కాలికి లేదు.

సార్ వంటింట్లో దోసెలు పోస్తున్నారు. నన్ను చూసి గరిటెతో గోడ వైపు చూపించారు. వెళ్లి గోడకి ఆనుకుని, కాయితాలు విప్పి నిలబడ్డాను.

"ఊఁ, అందించు."

"తల్లీ," అన్నాను.

"తల్లీ," అన్నారు సార్, దోసె తిప్పుతూ. ఆద్య వచ్చి ఎదురుగా కుర్చీలో కూర్చుంది.

రెండో వాక్యం 'మీ అమ్మ వెళ్లిపోయిన రోజు' అని మొదలవుతుంది. ఆద్య దోసె ముక్క నోట్లో పెట్టుకుని నా వైపే చూస్తోంది. ఆ వాక్యం దాటేసి మూడోది అందించాను.

"నీకు అమ్మనీ నేనే, నాన్ననీ నేనే."

"నీకు అమ్మనీ నేనే, ఆ రెండో సాక్సు ఏదే?" అన్నారు సార్.

"ఒక్కటే దొరికింది."

"నిన్న ఉతికి ఆరేశా కదా. కిటికీ దగ్గర చూడు. ఊఁ, తర్వాత?"

"నా గుండెల్లో ఒక అగ్నిపర్వతం ఉంది తల్లీ."

సార్ నోరు తెరిచారు. ఈలోగా ఆద్య సాక్సు పట్టుకొచ్చింది, డైరీలో సంతకం కావాలంది, లంచ్ బాక్సులో చపాతీలోకి బంగాళదుంప కూర వద్దంది. సార్ సాక్సు తొడిగారు, సంతకం పెట్టారు, కూర తీసేసి బెల్లం ముక్క పెట్టారు.

"మోజెస్ అన్నకి ఒంట్లో బాలేదా నాన్నా?" అని అడిగింది ఆద్య.

"బానే ఉందమ్మా. సీను రాశాడు, అంతే."

ఇరవై నిమిషాల్లో నా సీను పావు పేజీ కూడా నడవలేదు. నేను అందిస్తూనే ఉన్నాను, ఆయన అందుకుంటూనే ఉన్నారు. ప్రతి వాక్యం సగంలో వాటర్ బాటిలో, రిబ్బనో, పెన్సిలో అడ్డం వచ్చేది. కావాలని నా సీనుని నవ్వులపాలు చేస్తున్నారని కోపం వచ్చింది. కానీ చూస్తే ఆయన ముఖంలో ఎక్కడా నవ్వు లేదు. నిజంగానే ఖాళీ దొరకడం లేదు.

కింద స్కూల్ ఆటో హారన్ కొట్టింది. ఆద్య బ్యాగు తగిలించుకుని మెట్ల మీద దడదడా దిగిపోయింది. సార్ బాల్కనీలోకి వెళ్లారు. నేనూ వెళ్లి ఆయన ఎడమ పక్కన నిలబడబోయాను.

సార్ నా మోచెయ్యి పట్టుకుని మెల్లగా కుడివైపుకి లాగారు.

ఆద్య ఆటో దగ్గర ఆగి పైకి చూసింది.

"బై."

"బై తల్లీ," అన్నారు సార్, చెయ్యి ఊపుతూ.

ఆద్య ఆటో ఎక్కలేదు. ఆయన ఎడమ పక్కకి చూసి, ఇంకోసారి చెయ్యి ఊపింది.

"బై."

సార్ జవాబు చెప్పలేదు. ఆయన మర్చిపోయారనుకున్నాను. మూడేళ్ల అలవాటు, ఆర్టిస్టు ఆగితే నా నోరు ఆగదు. ఆ మాట అందించబోయాను. అంతలో ఆయన కుడి చెయ్యి కనపడింది. తొడ మీద ఉంది.

ఒకటి. రెండు. మూడు.

కింద ఆద్య కదలకుండా నిలబడి ఉంది. మూడోది అవగానే, జవాబు విన్న పిల్లలా తల ఊపి ఆటో ఎక్కేసింది.

శ్యామల గారు ఉన్నప్పుడు పొద్దున్నే స్క్రిప్టులు పట్టుకుని ఈ గేటు దగ్గర ఎన్నోసార్లు నిలబడ్డాను. అప్పుడు కిందనుంచి రెండు బైలు వెళ్లేవి. పైనుంచి రెండు జవాబులు వచ్చేవి. రెండోది ఆవిడది. కొంచెం సాగదీసి చెప్పేవారు. నిలబడేది ఆ ఎడమ పక్కనే.

నా చేతిలో కాయితాలు ఉన్నాయని కూడా మర్చిపోయాను. అంత పెద్ద నిశ్శబ్దం నేను అంతకుముందు వినలేదు.

ఆటో సందు మలుపు తిరిగేదాకా సార్ అక్కడే ఉన్నారు. తర్వాత నా వైపు తిరిగారు.

"ఇప్పుడు చెప్పు మోజెస్. నీ డైలాగు ఎక్కడ పెడదాం?"

నేను కాయితాలు మడిచేశాను.

"దోసె చల్లారిపోతోంది, తిను," అని లోపలికి వెళ్లిపోయారు.

సోమవారం ఆ సీను తీశాం. బాల్కనీ, ఆటో, పాప, రెండు బైలు, ఒక జవాబు. రెండో బై తర్వాత నాన్న వేషం వేసిన ఆర్టిస్టు, మాట ఏమన్నా ఉందేమోనని కంటి చివరనుంచి నా వైపు చూశాడు. నేను అందించలేదు. అతను చూపు తిప్పుకుని పాప వైపే చూస్తూ ఉండిపోయాడు. మొదటి టేకే ఓకే అయింది. నరసరావుపేట సంగతి సార్ మళ్లీ అడగలేదు, నేనూ ఎత్తలేదు.

ఎడిటింగ్ అయ్యాక ప్రొడ్యూసర్ గారికి చూపించాం. ఈ సినిమానే పెద్ద జోకన్న ఆయనకే. నేను వెనక కుర్చీలో కూర్చుని తెర వదిలేసి ఆయన్నే చూశాను. పాప రెండోసారి బై అనగానే ఆయన తల ఎడమ పక్కకి తిరిగింది, ఎవరో జవాబు చెప్తారన్నట్టు. అక్కడ ఎవరూ లేరు. లైట్లు వెలిగాక కూడా చాలాసేపు లేవలేదు.

సినిమా త్వరలో వస్తుంది. మీరు హాల్లో కూర్చుని ఉంటారు. పాప పైకి చూసి రెండోసారి చెయ్యి ఊపుతుంది. ఒకటి. రెండు. మూడు.

మీకెవరి గొంతు వినపడింది?