దొరగారు మెచ్చిన గుర్రం

అదో కొండసీమ, దానికో దొర. ఆయనకి కణుజు దుప్పిని వేటాడాలని బుద్ధి పుట్టింది. కణుజులుండేది ఏడుపుల కనుమకి అవతల. కనుమ దారి పక్కనే లోయ. అదెంత లోతంటారా? పొద్దున కేకేస్తే జవాబు భోజనాలవేళకి పైకొస్తుంది. నమ్మకపోతే పోయి కేకేసి చూడండి!

సామాను మోసేది గురవడనేవాడి పొట్టిగుర్రాలు. పోయినేడు ఈ దొర వేటలోనే బరువెక్కువై ఒక గుర్రం ఆ లోయలో పడి చచ్చింది. దాని జోడు మల్లి ఆనాటి నుంచి మేత సరిగా ముట్టక ఎముకలు తేలి చిక్కిపోయింది.

కనుమ మొదట్లో సామాను కట్టేవేళకి ముసురు పడుతోంది. దొర తన రాగి గంగాళం, పందిరిమంచం చూపించి, "మల్లి మీద కట్టరా" అన్నాడు.

"అది మొయ్యలేదు దొరా, చచ్చిపోద్ది."

"గుర్రాల సంగతి నాకు చెప్తావా? నీవాటిలో అన్నిటికన్నా గట్టిది అదే!" అని పదిమందిలో మీసం దువ్వాడు దొర.

గురవడు మల్లికి జీను వేసి తెచ్చి దొర ముందు నిలబెట్టాడు.

"ఇదేంట్రా?"

"తమరి పొడుగు గుర్రం కనుమ ఎక్కదు గదా దొరా. అన్నిట్లో గట్టిది ఇదేనని తమరే సెలవిచ్చారు. గంగాళం పడితే ఇంకోటి చేయించుకోవచ్చు. తమరు పడితే ఎక్కణ్ణించి తెస్తాం? ఎక్కండి."

దొర మల్లి వణికే కాళ్ళు చూశాడు. లోయకేసి చూశాడు. తన బొజ్జ చూసుకున్నాడు.

"దీనికి ఒంట్లో బాలేనట్టుంది, ఇంటికి తోలెయ్. ఆ గంగాళం, మంచం కూడా ఇక్కడే వదిలెయ్" అని గొణిగాడు.

అందరూ నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వారు, గురవడు తప్ప. వాడు మల్లి మెడ నిమురుతూ లోయలోకి చూశాడు. 'గంగాళం వదిలెయ్' అన్న ఆ ఒక్క మాట దొర నోట పోయినేడే వచ్చుంటే, మల్లి ఇవాళ జోడుతో ఇంటికెళ్ళేది.