గోనెసంచి ముందు కూర్చున్నవాడు

"అమ్మా, మాంసం మాని ఆరేళ్లయింది. దోమ వాలినా ఊదేస్తాను గానీ కొట్టను. అహింసలో నేను నేర్చుకోవలసింది ఇంకా ఏమైనా మిగిలిందా?" అని చిదంబరయ్య అడిగాడు.

ఆయన ప్రొద్దుటూరులో బట్టల వ్యాపారం చేసే మనిషి. అప్పుడప్పుడు లంకమల కొండల అంచున ఉన్న సుంకులమ్మ గారి ఆశ్రమానికి వచ్చి, రెండు రోజులుండి పోయేవాడు. ఆశ్రమమంటే ఒక రేకుల వసారా, వంటిల్లు, ముందర బోరింగు, అంతే. ఎవరేమి అడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు సుంకులమ్మ గారికి లేదు. ఆ రోజు కూడా గోంగూర ఆకు గిల్లుతూ, "ఎవరో ఎండన పడి వచ్చాండారు. చెంబుతో నీళ్లు తీసకపో" అన్నది.

కొండ దారిన ఒక మనిషి దిగి వచ్చాడు. పేరు గురవయ్య. భుజాన గోనెసంచి, దాని మూతి గట్టిగా కట్టి ఉంది. సంచిని వసారా మూల దించి, గోడకు ఆనుకుని కూలబడ్డాడు. చిదంబరయ్య చెంబు అందించబోతుండగా సంచి కదిలింది. చిరుగులోంచి గోధుమరంగు పొలుసులు, ఇంటి కప్పు మీద పెంకులు పేర్చినట్టు, కనిపించాయి. అలుగు! ఆ పొలుసుల కోసం దాన్ని దొంగతనంగా పట్టి దూరదేశాలకు అమ్ముతారనీ, అందుకే ఆ జంతువు మన అడవుల్లో కరువైపోతోందనీ ఆయన పేపర్లో చదివి ఉన్నాడు.

చెంబు అక్కడే పెట్టి, వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించి చెప్పాడు.

"బతికుండాదా?" అని ఆమె అడిగింది.

"బతికే ఉందమ్మా. మనం పట్టలేదు, మనం అమ్మడం లేదు. అన్నం పెట్టి పంపేద్దాం."

"నువ్వు పట్టలేదు, సరే. మరి గుసగుసలాడతాండావెందుకు?"

ఆమె లేచి, విస్తరి తీసుకుపోయి గురవయ్య ముందు వేసి, తానే వడ్డించింది. అతడు ఆకలి మీద ఉన్నాడు. నాలుగు ముద్దలు గబగబా తిన్నాక ఆమె నెమ్మదిగా అడిగింది.

"సంచిలో ఉండేదానికి ఏం పెట్టాల నాయనా? అదేం తింటాది?"

గురవయ్య చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. "చీమలు, చెదలు తింటాదవ్వా."

"అవి నా వంటింట్లో యాడుండాయి?"

అతడు కొండ వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. "నన్నేం అడగొద్దవ్వా. కింద మలుపు కాడికి కారు వచ్చాది. సరుకు లేదంటే ఊరికే ఇడిసిపెట్టరు. మా బావమరిదికి చెయ్యిరగ్గొట్టినారు."

సుంకులమ్మ గారు అతణ్ణి తిట్టలేదు. చిదంబరయ్య వైపు చూసింది. అంతే. ఆయనకు ఆ చూపు కింద నిలబడడం కష్టమైంది. జేబులో ఫోను ఉంది. అటవీశాఖ వాళ్ల నంబరు కొండ దారి మొదట్లో బోర్డు మీద రాసి ఉంది. ఇక్కడికి వచ్చినప్పుడల్లా దాని పక్కనే వాకింగుకు పోతాడు. ఫోను చేస్తే సాక్ష్యమంటారు, కోర్టు చుట్టూ తిప్పుతారు, ఆ కారువాళ్లు దుకాణం దాకా వస్తారేమో. ఇవన్నీ తలచుకుంటూనే బోర్డు దాకా నడిచి, ఆ నంబరు నొక్కాడు. అవతల ఒక ఆడగొంతు, తాను రేంజి ఆఫీసరు హైమావతినని చెప్పి, "కొండకు అటువైపు ఉన్నాం. మేం వచ్చేదాకా దాన్ని కదలనివ్వకండి" అన్నది.

ఆయన తిరిగి వచ్చేసరికి గురవయ్య ఇంకా విస్తరి ముందే కూర్చుని ఉన్నాడు. గాలి ఆడుతుందని చిదంబరయ్య సంచి మూతి కొద్దిగా వదులు చేశాడు. అలుగు బంతిలా చుట్టుకుని ఉంది. వెనకకాలికి ఉచ్చు తీగ కోసిన గాయం. ఆ చుట్ట నడుమ, తల్లి పొట్టకు అతుక్కుని, ఇంకా పొలుసులు గట్టిపడని చిన్న తోక ఒకటి కనిపించింది.

"పిల్ల కూడా ఉండాదా!" అన్నాడు గురవయ్య. పట్టినప్పటి నుంచీ అతడు చూసింది పైనున్న పొలుసులనే.

అంతలో కింద హారన్ మోగింది. అతడు బయటికి రాకపోయేసరికి ఇద్దరు పైకి వచ్చారు. చిదంబరయ్య అప్పటికే సంచి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"లే పెద్దాయనా. దీంతో నీకేం సంబంధం?" అన్నాడు ఆ ఇద్దరిలో లావుపాటివాడు.

"ఇంతవరకూ ఏమీ లేదు" అన్నాడు చిదంబరయ్య.

వాడు భుజం పట్టి తోశాడు. ఆయన పక్కకు పడ్డాడు, మోచెయ్యి గీరుకుపోయింది. లేచి మళ్లీ అక్కడే కూర్చున్నాడు. సుంకులమ్మ గారు వచ్చి ఆయనకు ఎడమ పక్కన కూర్చున్నది. అప్పుడు గురవయ్య లేచాడు. సంచి ఎత్తి వాళ్లకు ఇచ్చేస్తాడనే చిదంబరయ్య అనుకున్నాడు. గురవయ్య ఆయనకు కుడి పక్కన కూర్చుని, "ఇయ్యను సామీ. కొడితే కొట్టు" అన్నాడు.

లావుపాటివాడు చెయ్యెత్తాడు. రెండోవాడు ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. కొండ మలుపులో జీపు చప్పుడు వినిపిస్తోంది. ఇద్దరూ పరుగెత్తారు. కారు తిప్పుకునేలోపే జీపు అడ్డం వచ్చి ఆగింది.

ఆ తర్వాతి పని అంతా నిదానంగా జరిగింది. పశువైద్యుడు వచ్చి గాయం చూసి, తీగ ఎముక దాకా దిగలేదు, బతుకుతుంది అన్నాడు. హైమావతి గురవయ్యతో, "కేసు తప్పదు. కానీ మిగిలిన ఉచ్చులు ఎక్కడెక్కడ పెట్టావో చూపిస్తే, ఆ మాటా కోర్టుకు చెబుతాను" అన్నది. అతడు జీపు ఎక్కేముందు సుంకులమ్మ గారి కాళ్లకు దండం పెట్టాడు. పొద్దు వాలుతుండగా, దాన్ని పట్టానని అతడు చూపించిన చోటనే, పైన బండల మధ్య, అలుగును వదిలారు. చిదంబరయ్య కూడా వెళ్లాడు. చాలాసేపు అది రాయిలా కదలకుండా పడి ఉంది. తర్వాత చుట్ట కొంచెం విప్పుకుని, ముక్కు బయటికి పెట్టి గాలి వాసన చూసింది. పిల్ల తల్లి తోక మీదికి పాకింది. రెండూ పొదల్లోకి వెళ్లిపోయాయి. చిదంబరయ్యకు ఎందుకో నవ్వు ఆగలేదు. ఆయన్ను చూసి హైమావతీ నవ్వింది. గురవయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

ఆశ్రమానికి తిరిగి వచ్చి చిదంబరయ్య బోరింగు దగ్గర నిలబడ్డాడు. సుంకులమ్మ గారు అక్కడే గట్టు మీద కూర్చుని ఉంది.

"చూడమ్మా, చేతులు ఇంకా వణుకుతున్నాయి. ఇన్నేళ్లు సాధన చేసి కూడా ఇంత భయమా?" అన్నాడు ఆయన, కడుక్కోవడానికి బోరింగు పిడి పట్టుకుంటూ.

"ఆ అలుగు భయంలో కొంచెం నీకంటుకున్నట్టుండాది నాయనా" అన్నది ఆమె. "అంత తొందరగా కడుక్కోవాకు."