చీమలు తిన్న ముగ్గు

నరహరి గురువుగారిని ఎవరేం అడిగినా ఆయన ముందు చిన్నపార అందుకునేవారు. జవాబు ఆ తర్వాత వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. హార్స్‌లీ కొండ మీద వారి ఆశ్రమంలో ధ్యానమందిరం కంటే తోట పెద్దది. శిష్యులు ఆ పద్ధతికి అలవాటు పడిపోయారు.

చెంగల్రాయుడికి మాత్రం అలవాటు కాలేదు. మదనపల్లె టమోటా మండీలో జీవితమంతా వేలం పాడించిన మనిషి. ఏ మాటైనా అక్కడికక్కడే తేలిపోవాలి ఆయనకు. భార్య మునిరత్నమ్మ పోయాక మండీ కొడుక్కి అప్పజెప్పి కొండెక్కాడు. వచ్చిన రోజే అడిగాడు.

"సామీ, పోయినోళ్లను పోనీకుండా పట్టుకునేది ఎట్లా? ఆమె మొగం రోజురోజుకీ మసకబారిపోతా ఉండాది. దినామూ తలుచుకుంటానే ఉండాను, అయినా నిలవడంలే."

గురువుగారు మెట్ల పక్కనున్న అజేలియా మొక్కను చూపించారు. "ఆయమ్మ నాటిందే కదా. చూసుకో నాయనా," అని ఊరుకున్నారు.

ఆ మొక్కను మునిరత్నమ్మ బెంగుళూరు నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. కింద ఊరి ఎండకు బతకదని కొండ మీద నాటింది. ఏడాది పొడుగునా ఆకు రాల్చని గుబురు అది. మాఘమాసం వచ్చిందంటే ఆకు కనబడనంతగా గులాబిరంగు పూలు కమ్మేసేవి. ఆ పూల కోసమే దంపతులిద్దరూ ఏటా వచ్చి కొన్నాళ్లు ఉండేవారు. పూలు చూసింది ఆమె ఒక్కతే అనుకోండి. ఆయన మెట్ల మీద కూర్చుని ఫోనులో టమోటా ధరలు కనుక్కుంటూ ఉండేవాడు. తెల్లవారగానే ఆమె మొక్క చుట్టూ ముగ్గు వేసేదన్నది మాత్రం ఆయన కంట పడి, మనసులో ఉండిపోయింది.

అందుకని తానూ ముగ్గు వేయడం మొదలుపెట్టాడు. నెరిసిన మీసాల మనిషి గొంతుక్కూర్చుని గీతలు గీస్తుంటే తోటివాళ్లు నవ్వారు. నవ్వనీ అనుకున్నాడు. చెరిగిపోతుందేమోనన్నదే ఆయన దిగులు. రాయిపిండి అయితే వానకు కూడా ఓ పట్టాన పోదని కొట్టువాడు చెబితే మూటలకు మూటలు తెప్పించాడు. ఆమె చిటికెడు వేసేచోట ఈయన దోసిలి పోశాడు. వానాకాలమంతా ఆ తెలుపు నేలలోకి దిగుతూనే ఉంది, ఆయన పైన పోస్తూనే ఉన్నాడు.

మాఘం వచ్చింది. ఒక్క మొగ్గ లేదు. ఆకుల్లో ఈనెలు మాత్రమే ఆకుపచ్చగా మిగిలి, తక్కినదంతా కామెర్లు వచ్చినట్టు పాలిపోయింది. చెంగల్రాయుడు ఆ మొక్క ముందు కూలబడి, ఎవరు చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాడు. భార్య పోయిన రోజు కూడా ఆయన అలా ఏడవలేదు.

గురువుగారు వచ్చి పక్కన కూర్చున్నారు. చిటికెడు ముగ్గు తీసి నాలుక మీద వేసుకుని, వెంటనే ఉమ్మేశారు.

"సున్నపురాయి ఇది. ఈ మొక్కకు పుల్లటి నేల కావాల, సున్నం గిట్టదు. ఆయమ్మ ఏ పిండితో వేసేది?"

"తెలవదు సామీ."

"పొద్దుగూకేదాకా నిలిచేదా ఆ ముగ్గు?"

చెంగల్రాయుడు కళ్లు తుడుచుకున్నాడు. నిలిచేది కాదు. మధ్యాహ్నానికే చీమలు బారులు కట్టేవి, పిచ్చుకలు వాలేవి. ఒకసారి ఆ చీమలు తన చెప్పుల్లోకి ఎక్కితే, "చీమల్ని సాకేదానికా నువ్వు నూకలు పిండి విసిరేది?" అని కసురుకున్నాడు కూడా. అప్పుడామె తలెత్తి చూసింది. ముక్కు మీద పిండి అంటుకుని ఉంది. "తిననీలేబ్బా, రేప్పొద్దున మళ్లా ఏస్తాను," అని నవ్వింది. ఎన్నాళ్లుగానో ఎంత పిలిచినా రాని ముఖం, ముక్కు మీది పిండితో సహా, ఆయన కళ్ల ముందుకు వచ్చి నిలబడింది.

గురువుగారు ఆ పూట పార ముట్టలేదు. అజేలియా వేళ్లు నేలలో పైపైనే అల్లుకుని ఉంటాయి. ఇద్దరూ వేళ్లు తెగకుండా చేతులతోనే తెల్లబడిన మట్టిని ఎత్తిపోసి, అడవిలోంచి కుళ్లిన ఆకు తెచ్చి కప్పారు. తొట్టిలో పట్టిన వాననీళ్లు పోశారు. మొక్క బతుకుతుందని గురువుగారు మాట ఇవ్వలేదు. చెంగల్రాయుడు వంటింట్లో నూకలు అడిగి తెచ్చుకుని, తిరగలి ముందు కూర్చుని విసరడం నేర్చుకున్నాడు.

మరుసటి మాఘానికి ఒక కొమ్మ పూసింది. ఒక్కటంటే ఒక్క కొమ్మే. చెంగల్రాయుడు దాన్ని చూసి చూసి, చివరికి గురువుగారి దగ్గరికి వెళ్లాడు.

"సామీ, నేనొచ్చిన రోజు అడిగినదానికి మీరింకా బదులే చెప్పలేదే."

గురువుగారు కలుపు పీకుతూనే అడిగారు. "పొద్దున ముగ్గేసినావా?"

"ఏసినాను సామీ."

"ఉండాదా?"

"ఎక్కడుండాది? ఎప్పుడో తినేసినాయి చీమలు."

"అయితే రేపు మళ్లా వెయ్యి," అన్నారు గురువుగారు.