అసిరయ్య బెల్లం

సముద్రం ఊరికి ఇంకాస్త దూరంగా ఉన్న కాలంలో, జీడితోటల మధ్య ఒక ఊరుండేది. ఆ ఊళ్లో కట్టెలు మోసే అసిరయ్య ఉండేవాడు. నడక నిదానం, మాట నిదానం, నవ్వు మరీ నిదానం. ఇవాళ చెప్పిన హాస్యానికి రేపు నవ్వేవాడట. రొంటిన మాత్రం ఎప్పుడూ బెల్లం ముక్కలుండేవి.

ఒకసారి తుఫానొచ్చి దాలమ్మ ముసలిదాని గుమ్మానికి అడ్డంగా పనసచెట్టును పడేసి పోయింది. దాలమ్మ లోపలుండిపోయింది. గొడ్డలి వేస్తే ఒక్కో దెబ్బకీ చెట్టు అదిరి, నెర్రెలిచ్చిన మట్టిగోడ రాలుతోంది. చెట్టు జారకుండా కింద వాసాలు పోటుపెట్టి, ఆ ఊరి బంగారయ్య కొత్తగా కొన్న, చెట్లు కోసే కోత మిషను తెచ్చారు.

బంగారయ్య మిషన్ని నడిపించే తాడు పట్టుకున్నాడు. లాగాడు, లాగాడు, లాగాడు. మిషను దగ్గి ఊరుకుంది.

దానికి కాస్త ఊపిరాడనీండి బాబూ అన్నాడు అసిరయ్య. ఎవరూ వినలేదు.

బంగారయ్య తమ్ముడు గవరయ్య వచ్చాడు. లాగాడు, లాగాడు, లాగాడు. మిషను దగ్గి ఊరుకుంది. అసిరయ్య మళ్లీ అదే అన్నాడు. ఎవరూ వినలేదు.

తాటిచెట్టంత జోగినాయుడు వచ్చాడు. లాగాడు, లాగాడు, లాగాడు. ఈసారి మిషను దగ్గనైనా లేదు. పెట్రోలు వాసన గుప్పుమంది. గోడ నుంచి పెళ్ల ఒకటి ఊడిపడింది.

"ఏటి సేస్తన్నార్రా అక్కడ? నా కోడిపిల్లలు పెట్టలైపోతన్నాయి" అంది దాలమ్మ లోపల్నుంచి. గొంతు మాత్రం వణికింది.

ఆ వణుకు అసిరయ్యకి వినబడింది. పసితనంలోనే తల్లి పోతే అతనికి గంజి పోసి పెంచింది ఆ దాలమ్మే. జన్మలో మొదటిసారి అతను గబుక్కున కదిలాడు. మిషను లాక్కుని, పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని చతికిలబడ్డాడు.

"ఎంత తాగించేసేర్రా దీనికి. పొలమారిపోనాది. ఇంకెవుడూ తాడు ముట్టొద్దు."

బంగారయ్య కేకలేశాడు. అసిరయ్య రొంటిలోంచి తలా ఒక బెల్లం ముక్క తీసి ఇచ్చాడు. కొరక్కూడదు, అది కరిగేదాకా కదలకూడదు అన్నాడు. గోడ సందులోంచి దాలమ్మకీ ఒక ముక్క అందించాడు.

"నాకు పళ్లేవిరా కొరకడానికి" అంది దాలమ్మ.

నోళ్లు నిండేసరికి కేకలు ఆగాయి. అప్పుడు గుర్తొచ్చింది బంగారయ్యకి, మిషను మొదటిసారి దగ్గగానే వెనక్కి నెట్టాల్సిన చోకు మీటని కంగారులో తను నెట్టనేలేదని. లాగినకొద్దీ ఇంజనులోకి పెట్రోలే పోసుకుంటూ పోయారు. అసిరయ్య ఒళ్లోనే ప్లగ్గు విప్పి చూస్తే తలంటు పోసుకున్నట్టు తడిగా ఉంది. తువ్వాలుతో తుడిచి ఎండలో పెట్టాడు. అసిరయ్య సరేనన్నాక, ప్లగ్గు లేకుండా తాడు లాగితే లోపలి పెట్రోలు తుంపర్లుగా బయటికొచ్చింది. ఈలోగా జోగినాయుడి నోట్లో కటుక్కుమంది. అసిరయ్య ఇంకో ముక్క ఇచ్చాడు.

అందరి బెల్లమూ కరిగింది. ప్లగ్గు బిగించి, చోకు మీట నెట్టేసి, బంగారయ్య లాగాడు. లాగాడు. లాగాడు. మిషను గర్జించింది. ముక్క ముక్కగా చెట్టు తెగింది. దాలమ్మ చంకల్లో కోళ్లతో బయటికొచ్చి, అసిరయ్య ముందు చెయ్యి చాపింది.

"ఇంకో ముక్కుందేటిరా?"

అసిరయ్య అప్పటికప్పుడే నవ్వాడట.

చాలా ఏళ్లకి అసిరయ్య ముసలివాడై కన్నుమూశాడు. అతని చితికి కట్టెలు కొయ్యబోతే మిషను ఒక్క లాగుడికే పలికింది. బంగారయ్య దాన్ని ఆపేశాడు. అందరూ కూర్చుని, బెల్లం నోట్లో పెట్టుకుని, అది కరిగాకే లేచారు.

ఇప్పటికీ ఆ వైపు తోటల్లో కోత మిషను మొండికేస్తే తాడు వదిలేస్తారు. తలా ఒక బెల్లం ముక్క నోట్లో పెట్టుకుని నీడన కూర్చుంటారు. తొందరపడి కొరికినవాడికి ఆ రోజు తాడు అందనివ్వరు.