పక్కన పెట్టిన మూడు బొమ్మలు

ముప్ఫై ఎనిమిది కిలోల ముసలావిడ తెరమీద డెబ్బై ఎనిమిది కిలోలై కూర్చున్న ఆ క్షణాన, ఒంగోలులో ఒక చిన్న ఆఫీసులో పనిచేసే దీవెనకి తను పక్కన పెట్టిన మూడు బొమ్మలు గుర్తొచ్చాయి. మెప్పు కోసం చిన్న చిన్న తప్పుల్ని పక్కకి నెట్టేసే అలవాటున్న పిల్ల ఆమె.

పల్లెటూళ్ల క్లినిక్కుల్లో తీసిన ఎక్స్‌రేలని నెల్లూరులో ఒక పెద్దాసుపత్రికి చేర్చడం ఆ ఆఫీసు పని. రోగి గుట్టు బయటపడకుండా క్లినిక్కులోనే ఎక్స్‌రేకి కంప్యూటర్లో తాళం పడిపోయేది. ఆ తర్వాత చూస్తే ఇసుక చల్లినట్టు చుక్కలే తప్ప, బొమ్మలో ఏముందో దీవెనకి కూడా తెలిసేది కాదు. ఆ చుక్కల్లోనే ఆమె రోగి పేరు, వయసు, బరువు దాచి పంపేది. అవతల డాక్టరు తాళం తీస్తే వివరాలు విడిగా వచ్చేవి, ఎక్స్‌రే ఒక్క చుక్క పొల్లు పోకుండా మళ్లీ మొదట్లా అయిపోయేది. ఈ పద్ధతి తయారుచేసింది దీవెనే. ఆమె చదువు ముగిసి ఏడాది కూడా కాలేదు.

అయితే అందులో ఒక మెలిక ఉంది. వివరాలు దాచాలంటే వాటిని బట్టి కొన్ని చుక్కల్ని మార్చెయ్యాలి. తెరిచే చోట ప్రోగ్రాము బొమ్మని ముక్కలు ముక్కలుగా చూసి, మార్చినదీ మార్చనిదీ పోల్చి, ఏది నున్నగా ఉంటే అదే అసలుదని ఊహించి సరిచేసేది. పరీక్షకి రెండు వందల మూడు ఎక్స్‌రేలు పెడితే మూడు తప్పాయి. మూడూ ముసలివాళ్ల తుంటి ఎముకలే. గుల్లబారిన ఎముక బొమ్మలో గరుకుగా ఉంటుంది. అక్కడ ఊహ బోల్తా కొట్టింది.

"ఎన్ని సరిగ్గా వచ్చాయమ్మా?" అని ఆఫీసు పెద్ద రత్నంగారు అడిగారు.

"రెండు వందలకి రెండు వందలూ సార్," అంది దీవెన, ఆ మూడింటి ఊసే ఎత్తకుండా.

"శభాష్. సోమవారం నుంచి నిజం పేషెంట్లతో మొదలెడదాం. నీ ఉద్యోగం కూడా పర్మినెంటు చేసేద్దాం," అన్నారాయన.

సోమవారం పొద్దున్నే కందుకూరు దగ్గర క్లినిక్కు నుంచి అంకమ్మ అనే ఎనభై ఏళ్లావిడ ఎక్స్‌రే వచ్చింది. ముగ్గేస్తూ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. అవతల తెరిచిన వివరాలు దీవెన తెరమీద కూడా కనపడేవి. తను పంపిన ముప్ఫై ఎనిమిది, అక్కడ డెబ్బై ఎనిమిదైంది.

వెంటనే క్లినిక్కులో ఎక్స్‌రే తీసే మస్తాన్‌బీకి ఫోన్ చేసింది.

"మస్తానక్కా, అంకమ్మగారి బరువెంత?"

"ముప్పై ఎనిమిది. పోయిన వారమే తూచాం. బియ్యం బస్తా అంతకన్నా బరువుంటది. రాసి పంపాను కదమ్మా, కళ్లజోడు మర్చిపోయావా?"

"ఆపరేషన్ ఎప్పుడక్కా?"

"పన్నెండింటికంట. ఈపాటికి నెల్లూరు చేరుంటది. ముగ్గు సగంలో ఆగిపోయిందని అంబులెన్సు డ్రైవర్ని తిడతానే పోయింది."

మత్తుమందు బరువుని బట్టే ఇస్తారని దీవెనకి తెలుసు. టైము పదకొండూ ముప్పావు.

ఆ ఒక్క అంకె దిద్దెయ్యడం ఆమెకి నిమిషం పని. ఎవరికీ తెలియదు, ఉద్యోగం నిలుస్తుంది. చెయ్యి కీబోర్డు మీదకి వెళ్లింది కూడా. కానీ అంకె తప్పిందంటే అక్కడ బొమ్మ కూడా తప్పినట్టే. ఎముక మీద ఏ ముక్క చెడిందో తనకి కనపడదు. డాక్టరుకి కనపడుతుంది గానీ, ఆయన దాన్ని నమ్మి చూస్తున్నాడు. పొద్దుట్నుంచి అలా వెళ్లినవి పద్నాలుగు.

చెయ్యి వెనక్కి తీసుకుని ఆసుపత్రికి ఫోన్ కలిపింది.

"డాక్టరుగారూ, అంకమ్మగారి బరువు ముప్ఫై ఎనిమిదే. ఆ ఎక్స్‌రేని కూడా నమ్మకండి, మళ్లీ తీయించండి. ఈ పూట మేం పంపిన పద్నాలుగూ అంతే."

"చూడ్డానికి అంత లేదే అనుకుంటూనే మందు లెక్క కట్టాం. పరీక్షలో అన్నీ సరిగ్గా వచ్చాయని రాసిచ్చారుగా?"

"రాసింది నేనే. మూడు తప్పాయి. చెప్పలేదు."

"లైన్లో ఉండమ్మా," అని ఆయన పరుగెత్తాడు. దీవెన ఫోన్ చెవికి ఆనించుకుని అలాగే నిలబడింది. చాలాసేపటికి ఆయన గొంతు వినపడింది. "ఆపాం. సూది చేతిలో ఉండగా ఆపాం."

రత్నంగారికి కబురు తెలిసి ముఖం మాడ్చుకుని వచ్చారు. "ముందు నాతో ఒక మాట చెప్పకూడదా?"

"చెబితే మీరు ఆలోచిస్తారు సార్. అక్కడ అంత టైము లేదు."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "పర్మినెంటు మాట ఇక ఏడాది దాకా ఎత్తకు," అన్నారు.

"ఎత్తను సార్. ఈ పద్ధతి మాత్రం నేనే బాగుచేస్తా," అంది దీవెన.

నాలుగు నెలలు పట్టింది. ఎక్స్‌రేకి తాళం వెయ్యకముందే, క్లినిక్కులోనే వివరాలకి కాస్త చోటు ఖాళీ చేసిపెట్టేలా మార్చింది. ఇక ప్రోగ్రాము ఊహించాల్సిన పని లేకపోయింది. ఈసారి గరుకు ఎముకల బొమ్మలే ఏరి ఏరి పరీక్షకి పెట్టింది. ఎక్కడ తప్పినా రత్నంగారికి ఇచ్చే కాగితం మీద మొదటి వరసలో అదే రాసింది. మళ్లీ తీసిన ఎక్స్‌రేతో ఆపరేషన్ అయిన అంకమ్మ, అప్పటికి చేతికర్ర పట్టుకుని వీధి చివరిదాకా నడుస్తోంది.

మన పనిలో తప్పు అందరికంటే ముందు మనకే తెలుస్తుంది. అందుకే దాన్ని అందరికంటే ముందు చెప్పాల్సింది కూడా మనమే.